బాగుందంటే చాలా?

మన ఇళ్ళలో ఆడవాళ్ళ పనికి దొరికే సర్టిఫికెట్లు రెండే రెండు. ఒకటి "బాగుంది". రెండోది "ఉప్పెక్కువైంది". మొదటిది పేపర్లోంచి తలెత్తకుండా ఇస్తారు. రెండోది మాత్రం తలెత్తి, మన మొహం చూసి మరీ ఇస్తారు. తెల్లవారుజామున లేచి, మంచులో కూచుని, ఇరవై ఒక్క చుక్కల మెలికల ముగ్గు పెట్టామనుకోండి. తొక్కకుండా పక్కనుంచి వెళ్ళారంటే అదే మహా గౌరవం. "ఆ మెలిక ఎక్కడ మొదలుపెట్టావు? ఆ మూల ఎందుకు ఖాళీగా వదిలావు?" అని మిమ్మల్ని ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? నన్నైతే అడగలేదు.

నవలలు రాసేదాన్ని కనక పెళ్ళిళ్ళలో అప్పుడప్పుడు ఎవరో ఒకరు పలకరిస్తారు. "మీ నవల చదివానండీ, బాగుంది" అంటారు. "ఏది బాగుంది?" అని అడిగానో, పాపం ఇబ్బంది పడిపోయి, "భోజనాలు మొదలైనట్టున్నాయి, పదండి" అంటారు. వాళ్ళ తప్పేమీ లేదు లెండి. "బాగుంది" అనేది మర్యాద మాట. గుమ్మంలోనే నమస్కారం పెట్టి, లోపలికి రాకుండా వెళ్ళిపోయే మాట.

ఆ మాట అనకూడదని కట్టడి ఉన్న చోటు ఒకటుందని మా మేనకోడలి పుణ్యమా అని నాకు తెలిసింది. మా అన్నయ్య కూతురు. బొమ్మల చదువు చదువుతోంది. బి.ఎఫ్.ఏ. అంటారు దాన్ని, నాలుగేళ్ళు, ఎనిమిది సెమిస్టర్లు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ చదువుంది, హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ పేరిట ఉన్న ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఉంది, ఇంకా కొన్ని చోట్ల ఉంది. మా పిల్లది ఏ కాలేజీ అనేది ఇక్కడ అనవసరం. నరసరావుపేటలో ఎరువుల కొట్టు నడిపే మా అన్నయ్యకి, కూతురు ఇంజనీరింగు కాదని బొమ్మలు వేస్తానంటే మింగుడుపడటానికి ఒక ఏడాది పట్టింది. ఇప్పటికీ ఎవరైనా "అమ్మాయి ఏం చదువుతోంది?" అంటే "డిగ్రీ" అని ఊరుకుంటాడు.

ఆ కాలేజీల్లో "క్రిటిక్" అని ఒకటి జరుగుతుంది. వేసిన బొమ్మలన్నీ తెచ్చి గోడకి తగిలించాలి. క్లాసులో వాళ్ళంతా చుట్టూ చేరతారు. ఎవరి బొమ్మలైతే వాళ్ళు రెండు నిమిషాలు చెప్పాలి, నేనిది అనుకున్నాను, ఇలా చేశాను అని. ఆ తర్వాత నోరు మూసుకుని కూచోవాలి. మిగతావాళ్ళు మాట్లాడతారు, మేష్టార్లు మాట్లాడతారు. "బాగుంది" అంటే ఒప్పుకోరు. "ఏది బాగుంది? ఎందుకు?" అని అడుగుతారు. ఆఖరి సెమిస్టర్లో అయితే ఒక విషయం మీద వరుసగా బొమ్మలు వేసి ప్రాజెక్టుగా పెట్టాలి. దానికి నడుమ ఒకటి రెండు క్రిటిక్‌లు, చివర బయటినుంచి వచ్చే పరీక్షాధికారితో జ్యూరీ.

ఇది విని మా వదిన, "అయితే పిల్లని నిలబెట్టి అందరూ కలిసి తిడతారన్నమాట. దానికి ఫీజు కూడా కట్టాలా?" అంది.

మా పిల్ల తీసుకున్న విషయం నాయకురాలు నాగమ్మ. పల్నాటి పిల్లకి ఇంకేం తోస్తుంది చెప్పండి! పన్నెండో శతాబ్దపు కథ. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు, బ్రహ్మనాయుడు, నడుమ కోడిపందెం, చివరికి కారంపూడి రణరంగం. ఇప్పటికీ ఏటా కార్తీకమాసంలో కారంపూడిలో వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. ఆ కథలో మంత్రాంగం నడిపిన ఆడది నాగమ్మ ఒక్కతే. మగవాడు చేస్తే రాజనీతి, ఆవిడ చేస్తే కుతంత్రం అయింది. సినిమాల్లో 1947లో కన్నాంబగారు, 1966లో భానుమతిగారు ఆ పాత్ర వేశాక నాగమ్మ అంటే మనందరి కళ్ళముందూ నిలిచేది వాళ్ళ కనుబొమలే.

జనవరిలో మొదటి క్రిటిక్ జరిగింది. ఐదు పెద్ద కాన్వాసులు. ఎర్ర పట్టుచీర కట్టుకుని కొలువులో నాగమ్మ, పందెం కోడితో నాగమ్మ, రణరంగంలో నాగమ్మ. కళ్ళనిండా నిప్పులు, వెనక మెరుపులు. మూడు నెలలు నిద్ర మానుకుని వేసింది. ఆ రాత్రి నాకు ఫోన్ చేసింది. అవతల మాట లేదు, ముక్కు ఎగబీల్చడం తప్ప.

"ఏమన్నారే?"

"అందరూ అన్నీ అన్నారత్తా. ఐదు బొమ్మల్లోనూ ఒకే మొహం, ఒకే కోపం అన్నారు. వెనక ఆ మెరుపులెందుకు, ఆవిడ కోపంగా ఉన్న సంగతి చూసేవాళ్ళకి తెలియదనా, అని ఒకడన్నాడు. సార్ మాత్రం ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. ఒక్కొక్క బొమ్మ దగ్గరా నిలబడ్డారు. ఆఖరికి, మంత్రి కాకముందు నాగమ్మ ఏం చేసేదమ్మా, అని అడిగారు. వ్యవసాయం సార్, అన్నాను. ఈ చేతులు వ్యవసాయం చేసినవేనా, అన్నారు. అంతే. వెళ్ళిపోయారు."

నేను ఫోన్లోనే ఆ ఫోటోలు తెరిచి చూశాను. నిజమే. మొహం నిండా రాజసం, చేతులు మాత్రం తామర మొగ్గలు. జిట్టగామాలపాడులో మట్టి పిసికి, పొలం చేయించి, ఎండనబడి వచ్చిన రాజుగారి పరివారానికి నీడా నీళ్ళూ ఇచ్చి ఆదుకుందని జనం చెప్పుకునే మనిషి చేతులు కావవి. పెళ్ళికూతురు చేతులు.

ఆ వారమే పిల్ల ఇంటికి వచ్చేసింది. "ఇంక నా వల్లకాదు, ఏదో ఒకటి వేసి పాసైపోతే చాలు" అంది. మా అన్నయ్యకి ఆ మాట వీలుగా దొరికింది. బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసే అబ్బాయి సంబంధం అప్పటికే చేతిలో ఉంది. ఇంట్లో ఉన్నప్పుడే చూపులు కానిచ్చేద్దామన్నాడు.

వాళ్ళు వచ్చారు. మంచివాళ్ళే, పేరు పెట్టడానికేం లేదు. హాల్లో గోడ మీద మా పిల్ల రెండో ఏడు వేసిన బొమ్మ ఒకటుంది. కోటప్పకొండ తిరునాళ్ళు, శివరాత్రి రాత్రి, దీపాలతో వెలిగే ప్రభలు, కింద నలుసుల్లాగా జనం. ఆ జనంలో ఒక్కొక్కరికీ ఒక్కొక్క నడక ఉంటుంది, నిలబడి చూస్తే తెలుస్తుంది. పెళ్ళికొడుకు తల్లి కాఫీ కప్పు పుచ్చుకుని, ఆ బొమ్మ వంక ఒక రెప్పపాటు చూసి, "ఇవన్నీ నువ్వే వేశావా అమ్మా? బాగున్నాయి. పెళ్ళయ్యాక కూడా తీరిక దొరికితే వేసుకోవచ్చు" అంది. ఆ తర్వాత గంటసేపు పిల్లని చూశారు. ఫోటోలోకంటే ఒక పిసరు చామనఛాయ అనుకున్నారు. జడ అసలుదేనా అన్నారు. నడిచి చూపించమనలేదుగానీ మంచినీళ్ళు తెమ్మన్నారు. అదీ ఇదీ ఒకటేనని మనకు తెలియదా!

వాళ్ళు వెళ్ళాక పిల్ల మేడ మీద పిట్టగోడనానుకుని కూచుంది. చేతిలో ఒక నోటుపుస్తకం. క్రిటిక్ జరిగేటప్పుడు ఎవరి బొమ్మలు గోడ మీద ఉంటాయో వాళ్ళకి గుండె దడలో మాటలు చెవికెక్కవట. అందుకని పక్క స్నేహితురాలు కూచుని అందరూ అన్నవన్నీ రాసిపెడుతుందట. ఆ పుస్తకం ఇన్నాళ్ళూ తెరిచి చూడలేదు. అప్పుడు చూసింది.

"అత్తా, ఒక చిత్రం చూశావా? ఇందులో పదిహేడు మాటలున్నాయి నా బొమ్మల గురించి. ఒక్కదాంట్లోనూ 'నువ్వు' అని లేదు. ఎరుపు ఎక్కువైంది అని ఉంది. చెయ్యి అబద్ధం చెబుతోంది అని ఉంది. మెరుపు అక్కర్లేదు అని ఉంది. నా మాటే ఎవరూ ఎత్తలేదు. ఇందాక కింద కూచున్నవాళ్ళు మాట్లాడినవన్నీ నా గురించే. బొమ్మ గురించి ఒక్కటీ లేదు."

ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల అన్న ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పెళ్ళిచూపుల్లో పనిని వదిలేసి పిల్లని చూస్తారు. క్రిటిక్‌లో పిల్లని వదిలేసి పనిని చూస్తారు. చిన్నప్పటినుంచీ మనకు అలవాటైన చూపు మొదటిది. కూర మాడితే కూరని ఎవరూ అనరు, "నీకు ధ్యాస లేదు" అంటారు. ముగ్గు వంకరపోతే "నీ బుద్ధే వంకర" అంటారు. అందుకే ఎవరైనా మన పనిలో తప్పు చూపించగానే మన మొహం మీద మచ్చ చూపించినట్టు ముడుచుకుపోతాం. ఆ రెంటినీ విడదీసుకోవడం ఎక్కడా నేర్పరు మనకు. ఈ పిల్లకి ఫీజు తీసుకుని నేర్పుతున్నారు. మా వదిన ఫీజు గురించి బాధపడనక్కర్లేదు.

మర్నాడు పిల్ల వాళ్ళ అమ్మమ్మగారి ఊరికి బయల్దేరింది. గురజాల దగ్గర పల్లె. మిరప కోతల రోజులు. మా పల్నాడులో ఆ రోజుల్లో బస్సులో వెళుతుంటే కళ్ళాలన్నీ ఎర్ర తివాసీలు పరిచినట్టుంటాయి. కిటికీ తీశామా, బస్సు మొత్తం తుమ్ములే. నేనూ వెంట వెళ్ళాను, మేనత్తనన్న హక్కుతో కొంత, నవలకేమైనా దొరుకుతుందన్న ఆశతో కొంత.

కళ్ళంలో ఆడవాళ్ళు వరసగా కూచుని కాయలు ఏరుతున్నారు. మంచికాయ ఒకవైపు, తెల్లబారిన తాలుకాయ ఒకవైపు. తలకి తుండుగుడ్డ, మూతికి చీరచెంగు. సాయంత్రానికి చేతులు భగ్గున మండుతాయి. నూనె రాసుకుంటారు, మజ్జిగలో ముంచుకుంటారు. మండుతున్న చేత్తో కన్ను నలుపుకోకూడదు గనక చంటిపిల్లాడు ఏడ్చినా మోచేత్తోనే దగ్గరికి తీసుకుంటారు. మా పిల్ల ఒక పక్కన గోనెపట్టా మీద కూచుని వాళ్ళ చేతులు గీయడం మొదలుపెట్టింది.

మూడో రోజు ఒక ముసలామె లేచి వచ్చి పుస్తకంలోకి తొంగిచూసింది. బాగుందంటుందనుకున్నాను. ఆమె పెదవి విరిచింది.

"ఇట్టా ఉండదమ్మాయ్ బొటనేలు. తొడిమ తుంచేటప్పుడు గోరు ఇటు తిరిగిద్ది. నువ్వేసినట్టు పట్టుకుంటే కాయ పగిలి గింజలు కింద పడతై. కూలి కోత్తారు."

పిల్ల అక్కడే చెరిపేసి మళ్ళీ గీసింది. ఆమె మళ్ళీ చూసి, "ఊఁ, ఇప్పుడు తునుగుద్ది" అని వెళ్ళి తన చోట కూచుంది. ఆ బొమ్మ ఎవరిలా ఉందని ఆమె అడగలేదు. ఆ చేత్తో పని అవుతుందా అవదా అని చూసింది. కాలేజీలో మేష్టారు అడిగింది కూడా అదేగా!

ఆలోచిస్తే మన వాళ్ళకి ఈ విద్య కొత్తేమీ కాదు. కోటప్పకొండకు ప్రభ కట్టుకొచ్చిన ఊరివాళ్ళు పక్క ఊరి ప్రభని చూసి ఉత్తినే బాగుందనరు. ఎత్తు చూస్తారు, కట్టు చూస్తారు, ఏ పక్కకి ఒరిగిందో చూస్తారు. మాచర్ల దగ్గర దుర్గిలో రాతిబొమ్మలు చెక్కే శిల్పుల పనీ అంతే, ఉలి ఎక్కడ జారిందో తోటి పనివాడి కంటికి చప్పున ఆనుతుంది. పని తెలిసినవాడికి తోటివాడి పని మీద గౌరవం ఉంటుంది, ఆ గౌరవమే తప్పు చెప్పిస్తుంది. పొగిడి పంపించేసేది, అక్కర లేనివాళ్ళు.

ఆ మేష్టారే మా పిల్లకి నందలాల్ బోస్ బొమ్మలు చూడమని చెప్పారు. 1938లో గుజరాత్‌లోని హరిపురాలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, గాంధీగారు కోరగా నందలాల్ ఎనభైకి పైగా బొమ్మలు వేసి పెట్టారు. దేవతలూ రాజులూ అని కూచోకుండా డోలు వాయించేవాడు, వడ్రంగి, దంచే ఆడవాళ్ళు, ఎవరి పనిలో వాళ్ళున్న మనుషుల్ని వేశారు. ఆయన పాఠాలు చెప్పిన శాంతినికేతన్ కళాభవన్ 1919లో మొదలైంది. చిత్రమేమిటంటే సరిగ్గా అదే ఏడు జర్మనీలోని వైమార్‌లో బౌహౌస్ అనే కళాశాల తెరిచారు. ఆడా మగా అందరికీ ప్రవేశం అన్నారు గానీ, చేరిన ఆడపిల్లల్ని ఎక్కువమందిని నేతగదిలోకి పంపించారు. అని ఆల్బర్స్ అనే అమ్మాయి అలా ఇష్టం లేకుండానే మగ్గం ముందు కూచుంది. ఆ నేతనే నేర్చి, నేర్చి, 1949లో న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియంలో ఆమె బట్టలు ఒక్కటే ప్రదర్శనగా పెట్టేదాకా తీసుకొచ్చింది. దుప్పట్లు, తెరలు అని పక్కన పెట్టేసేవాటి ముందు జనం నిలబడి చూశారు.

మనవైపు అలా నిలబడి చూసినవాళ్ళు తక్కువ. రాజమండ్రి దామెర్ల రామారావుగారి పేరు మనందరికీ తెలుసు. 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచికంతో పోయారు. ఆయన భార్య సత్యవాణిగారు, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మగారు కూడా బొమ్మలు వేశారని ఎంతమందికి తెలుసు? వాళ్ళ బొమ్మలకీ ఆ రోజుల్లో "బాగుంది" అన్న మాట దొరికే ఉంటుంది. పది నిమిషాలు నిలబడి "ఈ రంగు ఇక్కడ ఎందుకమ్మా?" అని అడిగినవాళ్ళు ఎందరుండి ఉంటారు?

ఏప్రిల్లో జ్యూరీ. ఆఖరి రోజు పిల్లలు పెట్టిన బొమ్మలు ఇంట్లోవాళ్ళు కూడా వచ్చి చూడవచ్చట. మా వదిన పట్టుబట్టి అన్నయ్యని బయల్దేరదీసింది. పాత ఐదు కాన్వాసులూ లేవు. వాటి మీదే తెల్లరంగు పూసి కొత్తగా వేసిందట, కాన్వాసు ధరలు అలా ఉన్నాయి మరి! కొత్తవాటిలో నాగమ్మ మొహమే లేదు. అన్నీ చేతులే. బావిలోంచి చేద లాగే చేతులు. గింజలు చల్లే చెయ్యి. ధాన్యం బస్తా ఎత్తే చేతులు. కాయ తొడిమ తుంచే వేళ్ళు. కోడిని పట్టుకున్న చెయ్యి. రాజముద్ర ఉన్న ఉంగరం తొడిగిన చెయ్యి, గోటి సందున ఇంకా పోని మట్టి. ఏడోది కారంపూడి తర్వాత, ఖాళీగా తెరిచిన రెండు చేతులు.

పరీక్షకు వచ్చినావిడ నెమ్మదిగా అన్నీ చూసింది. తర్వాత, "ఆరో బొమ్మ చెప్పనిది ఏడోది ఏం చెబుతోంది?" అని అడిగింది. హాలంతా నిశ్శబ్దం. మా వదిన నా చెయ్యి గిల్లింది. పిల్ల ఏడవలేదు. కాసేపు గోడ వంక చూసి, వెళ్ళి ఏడో బొమ్మని తనే దించి గోడకి తిప్పి పెట్టింది. "గోటిలో మట్టి చాలు మేడమ్" అంది. ఆవిడ తల ఊపి ఏదో రాసుకుంది. ఎన్ని మార్కులో నేను అడగలేదు.

అందరూ వెళ్ళిపోయాక మా అన్నయ్య ఒక్కడే ఆ బొమ్మల ముందు ఉండిపోయాడు. ఎరువుల బస్తాలతో ముప్ఫై ఏళ్ళు గడిపిన మనిషి. మూడో బొమ్మ దగ్గర ఎంతసేపటికీ కదలడే! పిల్ల భయపడుతూ పక్కన నిలబడింది.

"ఈ కుడిచెయ్యి బరువు మొయ్యట్లేదమ్మా" అన్నాడు చివరికి. "బస్తా ఎత్తేటప్పుడు మణికట్టు దగ్గర నరం ఇట్లా పైకి లేస్తుంది. చూడు." చొక్కా చెయ్యి పైకి మడిచి, పక్కనున్న స్టూలు ఎత్తి చూపించాడు. పిల్ల సంచీలోంచి పెన్సిలు తీసి, అక్కడే నిలబడి తండ్రి మణికట్టు గీసుకుంది.

బస్సులో నా చెవిలో, "నాన్న బాగుందనలేదత్తా" అంది. ఆ మొహంలో వెలుగు చూస్తే రాంకు వచ్చిన పిల్లలా ఉంది.

బెంగుళూరు సంబంధంవాళ్ళు అమ్మాయి నచ్చిందని కబురు చేశారు. పైచదువుకు పరీక్ష రాస్తోంది, రెండేళ్ళు ఆగాలి అన్నాడు మా అన్నయ్య. వాళ్ళు ఆగలేదు. వాళ్ళ తొందర వాళ్ళది. ఈమధ్య కొట్లో ఎవరో "అమ్మాయి ఏం చదువుతోంది?" అంటే "బొమ్మలు వేస్తుందండీ" అన్నాడట. డిగ్రీ అనలేదు. మా వదిన ఈ వార్త నాకు మూడుసార్లు చెప్పింది.

అందరం బొమ్మలు వెయ్యలేం, అందరికీ మేష్టార్లు దొరకరు. కానీ ఈసారి సంక్రాంతికి ఎదురింటావిడ ముగ్గు ముందు ఒక్క పది నిమిషాలు నిలబడి చూడండి. బాగుందనకండి. "ఆ మూల ఎందుకు వదిలారండీ?" అని అడిగి చూడండి. ముందు ఆవిడ అనుమానంగా చూస్తుంది. తర్వాత ముగ్గుచిప్ప కింద పెట్టి, చెంగు దోపుకుని చెప్పడం మొదలుపెడుతుంది. అప్పుడు మాత్రం పొయ్యి మీద పాలున్నాయని పారిపోకండి. పాలు పొంగితే పొంగనివ్వండి. సంక్రాంతికి పొంగితే మంచిదేగా!